చిన్న ప్యాకెట్ల డబ్బా

5 మే 2025, సోమవారం

వేసవి సెలవులు. పొద్దున టీ తాగుతూ పేపర్ తీస్తే వడ్ల వార్త కనిపించింది. నిన్న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు కొత్త వరి రకాలు ప్రకటించారు. జన్యు సవరణతో తయారైన వరి మన దేశంలో ఇదే మొదలు. ఒకదాని పేరు కమల, డీఆర్‌ఆర్ ధాన్ 100. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేశారు. మా హయత్‌నగర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గంటలోపు చేరే చోటు. దానికి మూలం బాపట్ల వాళ్ల సాంబ మసూరి, బీపీటీ 5204. రెండోదానికి మూలం మారుటేరు ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు. రెండూ మనం రోజూ తినే బియ్యమే. కమల 20 రోజులు ముందే కోతకొస్తుందని, దిగుబడి 19 శాతం పెరుగుతుందని చెబుతున్నారు.

పత్తిలో జరిగింది వేరు, ఇది వేరు. పత్తిలో బీటీ అనే మట్టి బ్యాక్టీరియా నుంచి పురుగును చంపే జన్యువును తెచ్చి మొక్కలో పెట్టారు. ఈ వరిలో బయటి జన్యువు మిగలదు. ఉన్నదాన్నే ఒకచోట కత్తిరించి సరిచేశారు. పదో తరగతి పిల్లలకు ఈ తేడా ఎలా చెబితే బాగుంటుందా అనుకుంటూ ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపికగా విని ఒక్కటే అడిగాడు.

"అక్కా, ఆ వడ్లు మల్ల ఇత్తనానికి దాసుకోవచ్చునా, ఏటేటా కొనాల్నా?"

వరి కదా, సూటి రకం, దాచుకోవచ్చు అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే మెదిలింది. జీవశాస్త్రం టీచర్‌ని కాబట్టి నాకు ముందు జన్యువు కనిపించింది. ఇరవై ఏళ్లుగా పత్తి వేస్తున్నవాడు కాబట్టి వాడికి ముందు విత్తనం కనిపించింది.

25 మే, ఆదివారం

రుతుపవనాలు నిన్ననే కేరళను తాకాయట. ఈసారి వానలు తొందరపడుతున్నాయి. పెంకులు సర్దించాలని తమ్ముడు పిలిస్తే ఊరికి వెళ్లాను. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి లోపలికి తిరిగితే రోడ్డుకు అటూ ఇటూ పాతిన రాళ్లే, వెంచర్ల బోర్డులే. నా చిన్నప్పుడు ఇదంతా ఆముదం, జొన్న చెలకలు. అప్పట్లో మాది హయత్‌నగర్ మండలం. 2016లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం అయింది. మండలం కొత్తదయ్యేసరికి చెలకలు సగం ప్లాట్లయ్యాయి. మాకు మిగిలింది నాలుగెకరాలు. పట్నంలో ఉండే ఒక ఆసామి దగ్గర తమ్ముడు ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు.

అటక దులుపుతుంటే డాల్డా డబ్బా ఒకటి దొరికింది. మూత తుప్పుపట్టి కత్తితో పొడిస్తే గానీ రాలేదు. లోపల అరచేతంత ప్యాకెట్లు. లెక్కపెడితే 31. ఒక్కటీ విప్పలేదు. ఒక్కోటి 120 గ్రాముల పత్తి విత్తనం, బీటీ కానిది.

నాయిన దాచినవి. ఆయన పోయి ఆరేళ్లయింది. ఏ వస్తువునూ పారేసే మనిషి కాదు. పెద్ద ప్యాకెట్‌లో 450 గ్రాముల బీటీ విత్తనం, దానితోపాటు ఈ చిన్నది వచ్చేవి. చేను చుట్టూ అయిదు సాళ్లయినా, మొత్తంలో ఐదో వంతైనా దీన్ని వేయాలి. అక్కడ పురుగు తిని బతకాలి. బీటీ చేలో విషానికి తట్టుకుని మిగిలిన ఒకటీ అరా పురుగు ఈ మామూలు పురుగుతో జతకడితే, పుట్టే పిల్లలకు ఆ తట్టుకునే గుణం పలచబడుతుంది. మొత్తం సాంకేతికత నిలబడేది ఈ చుట్టు సాళ్ల మీదే.

"ఇవెందుకు ఎయ్యలేదమ్మా?" అని అడిగాను.

"పురుగుకు పెట్టనీకి పంట ఎవడేస్తడు బిడ్డా? దుకాణపాయన గూడ ఏం జెప్పలే. మంది పారేసిండ్రు. మీ నాయిన దాసిండు."

నాలుగెకరాల రైతును ముప్పావు ఎకరం పురుగుకు వదిలెయ్యమంటే, ఎందుకో పక్కన కూర్చుని చెప్పాలి. ఆ నష్టం ఎవరైనా పంచుకోవాలి. రెండూ జరగలేదు. వేల ఎకరాల భూస్వాములకు రాసిన నియమాన్ని ఒక సంచిలో పెట్టి మా ఊరికి పంపారు. నేనూ ఆ రోజుల్లో బడిలో బీటీ గురించి పాఠం చెబుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి నాయినకు ఈ నాలుగు మాటలు చెప్పలేదు. అది గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు.

26 మే, సోమవారం

డబ్బాతోపాటు నాయిన పద్దుల పుస్తకాలు కూడా హయత్‌నగర్ తెచ్చుకున్నాను. పంటకు ఒక పేజీ. దున్నకం, విత్తనం, ఎరువు, కైకిలి, మందు, వచ్చింది అని గీతలు.

జొన్న, ఆముదం, కంది, పెసర పేజీల్లో విత్తనం దగ్గర ఒకటే మాట: 'ఇంటివి'. ఏటేటా అదే. పత్తి వచ్చిన ఏడాది నుంచి అక్కడ అంకెలు మొదలయ్యాయి. 2001లో మందు దగ్గర 14 సార్లు రాసుకున్నాడు. క్వినాల్‌ఫాస్, ఎండోసల్ఫాన్, మోనో, మళ్లీ మోనో. అంతకు ముందు ఏడే చిన్నాయన మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చాడు. 1997-98లో వరంగల్ పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్న కాలం తర్వాతి సంగతి ఇది. శనగపచ్చ పురుగుకు ఏ మందూ పనిచేయక మందు మీద మందు కలిపి కొట్టిన రోజులు.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. మా నాయిన 2004లో వేశాడు. ప్యాకెట్ 1,600 రూపాయలు. ఆ పేజీలో మందు 3 సార్లే. నేను ఈ పక్కను దాటవేయలేను. "ఆ ఏడు మీ నాయిన చేతులకు మందు వాసన లేకుండె" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ ఒక్క మాట ముందు నా వాదనలన్నీ తగ్గాల్సిందే. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో 2002 నుంచి 2008 దాకా రైతుల్ని అడిగి లెక్కలు తీసిన ఆర్థికవేత్తలు కూడా ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయనే రాశారు.

అదే కాలంలో వరంగల్‌లో ఇంకో మాట వినిపించింది. మొదట వచ్చిన మెక్-12, మెక్-162, మెక్-184 హైబ్రిడ్లు దెబ్బతీశాయని రైతులు రోడ్డెక్కారు. జహీరాబాద్ దగ్గరి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు చేలవెంట తిరిగి ఆ గోడు రికార్డు చేశారు. 2005లో ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి ఆగిపోయింది. జన్యువు పనిచేసినా, దాన్ని మోసే హైబ్రిడ్ మన నేలకు, మన వానకు సరిపడకపోతే రైతు మునుగుతాడని అప్పుడు తెలిసింది.

2006 పేజీలో ప్యాకెట్ 750. నాయిన దాని కింద రెండు గీతలు కొట్టాడు. ఆ రెండు గీతల వెనక మన రాష్ట్రం చేసిన పోరాటం ఉంది. 1,600లో పెద్ద భాగం జన్యువు సొంతదారుకు వెళ్లే రుసుమే. మంత్రి రఘువీరారెడ్డి, వ్యవసాయ కమిషనర్ పూనం మాలకొండయ్య ఉన్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని విచారించే కమిషన్ ముందుకు వెళ్లింది. మే నెలలో రుసుము తగ్గించమని కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. 2015 చివర్లో కేంద్రమే ధర నిర్ణయించే ఉత్తర్వు తెచ్చింది. రుసుము 49 రూపాయలకు, తర్వాత 39కి, 20కి దిగి 2020లో సున్నా అయింది. అప్పటికి కాయను లోపలి నుంచి తినే గులాబీ పురుగు ఆ జన్యువుకు లొంగడం మానేసింది.

8 జూన్, ఆదివారం

మృగశిర. తమ్ముడితో విత్తనాల దుకాణానికి వెళ్లాను. ఈ ఏడు రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 పత్తి 475 గ్రాముల ప్యాకెట్ 901 రూపాయలు. ఇప్పుడు చిన్న ప్యాకెట్ వేరుగా లేదు, బీటీ కాని గింజల్ని అందులోనే కలిపేశారు. గోడ నిండా పోస్టర్లు. లావు కాయ, ఇంకా లావు కాయ. పక్కనున్న రైతు తమ్ముణ్ణి అడిగాడు, "నువ్వేది తీస్కుంటున్నవ్?" తమ్ముడు ఇంకొకాయన పేరు చెప్పాడు, ఆయన తీసుకున్నదే అని.

గ్లెన్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త వరంగల్ ఊళ్లలో ఏళ్ల తరబడి ఇదే చూసి 2007లో రాశాడు. విత్తనం పేర్లు ఏటా మారిపోతుంటే రైతుకు వేసి, చూసి, నేర్చుకునే సమయమే దొరకదని, పక్కవాడిని చూసి కొనడమే మిగులుతుందని, చేతిలోని నేర్పు అలా జారిపోతుందని. ఇవాళ దుకాణంలో నిలబడితే అది కళ్లకు కట్టింది. అమ్మ ఏ కంకి విత్తనానికి ఉంచాలో చేలోనే చూసి గుడ్డముక్క కట్టేది. తమ్ముడికి ఆ చూపు లేక కాదు, వాడటానికి చోటే లేదు.

సాయంత్రం ఇంటికి ఒకతను బండి మీద వచ్చాడు. పేరులేని కవర్‌లో విత్తనం. "గడ్డి మందుకు ఆగుతది, బీజీ-3" అన్నాడు. గ్లైఫోసేట్ కొట్టినా పత్తి చావదు, కలుపు చస్తుంది. అలాంటి పత్తికి దేశంలో అనుమతి లేదు. బిల్లు ఉండదు. మొలవకపోతే అడిగే దిక్కుండదు. పట్టుబడితే అమ్మినవాళ్ల మీద మన రాష్ట్రంలో పీడీ యాక్ట్ కూడా పెడుతున్నారు. తమ్ముడు వద్దన్నాడు. మరదలు మాత్రం ఊరుకోలేదు.

"ఒదినె, నువ్వు వద్దంటవ్ గని, కలుపుకు ఆడోళ్లు యాడ దొరుకుతుండ్రు? పొద్దుగాల ఆటోలల్ల గోదాములకు, బిల్డింగు పనులకు పోవట్టె. వచ్చేటోళ్లు అయిదు వందలంటున్రు. ఆ పైసలు నువ్విస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కవర్ తప్పే. కానీ ఆమె నడుం నొప్పి, ఆమె లెక్క నిజం. కొనలేదు. ఆమె ముఖం మాత్రం రాత్రి దాకా ముడుచుకునే ఉంది.

13 జూలై, ఆదివారం

నేనూ కలుపుకు వెళ్లాను. ఆరుగురు ఆడవాళ్లు, అందరూ నలభై దాటినవాళ్లు. మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పినప్పుడు గడ్డి మందు పత్తి సంగతి ఎత్తాను. ఒకామె అంది, "అది వస్తె మా పని బాయె టీచరమ్మ. దూరం పోలేనోళ్లం మేమే మిగిలినం." అంటే మరదలికి బరువైన కూలి వీళ్లకు బువ్వ. ఇద్దరూ ఆడవాళ్లే, ఒకే చేలో. విత్తనానికి అనుమతి ఇచ్చే కమిటీలు పురుగునూ నేలనూ పరీక్షిస్తాయి. ఈ గట్టు మీదికి కూడా ఎవరైనా వచ్చి కూర్చోవాలి.

పత్తి ఎనిమిది సాళ్లకు ఒక సాలు కంది వేశాడు తమ్ముడు. ఆ కంది అమ్మ కుండలోది.

29 ఆగస్టు, శుక్రవారం

ముడి పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్రం పది రోజుల కింద ఎత్తేసింది. సెప్టెంబర్ చివరిదాకానే అన్నారు. నిన్న దాన్ని డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మా చేలో ఇంకా పూతే. పత్తి చేతికొచ్చే మూడు నెలలూ బయటి పత్తి సుంకం లేకుండా దిగుతుంది.

తమ్ముడికి ఏమని చెప్పను? ఆ బయటి పత్తి పండే అమెరికాలో, ఆస్ట్రేలియాలో కూడా బీటీ జన్యువు ఉన్న పత్తే. అక్కడ దాన్ని సూటి రకాల్లో పెట్టారు, దగ్గర దగ్గరగా వేస్తారు, తొందరగా పంట తీసేస్తారు. మన దగ్గర హైబ్రిడ్లలోనే పెట్టారు. హైబ్రిడ్ అయితే రైతు ఏటా దుకాణానికి రావలసిందే. విత్తొకటి నాటితే చెట్టొకటి మొలుస్తుందా అంటారు మనవాళ్లు. హైబ్రిడ్ గింజ దాచి నాటితే అదే జరుగుతుంది. తాతను ఒకటి, అమ్మమ్మను ఒకటి పోలిన మొక్కలు లేస్తాయి. హైబ్రిడ్ పంటకాలమూ ఎక్కువ. సంక్రాంతి దాకా కాయ నిలిస్తే గులాబీ పురుగుకు అన్ని రోజుల భోజనం.

నాగపూర్‌లోని పత్తి పరిశోధన సంస్థ బికనేరి నర్మా అనే సూటి రకంలో బీటీ జన్యువు పెట్టి 2009లో రైతులకు ఇచ్చింది. దాచుకుని మళ్లీ వేసుకోదగ్గ విత్తనం. కంపెనీ జన్యువు అందులో కలిసిందని తేలి అది ఆగిపోయింది. ఆ దారి అక్కడే మూసుకుపోయింది.

5 అక్టోబర్, ఆదివారం

దసరా సెలవులు అయిపోయాయి. చేలో లింగాకర్షక బుట్టలు చూశాం. ఒక్కో బుట్టలో రాత్రికి ఎనిమిది రెక్కల పురుగులు, వరసగా మూడో రోజు. మందు కొట్టాల్సిన హద్దు అదే. పూలు కొన్ని విప్పుకోకుండా గుత్తిలా ముడుచుకున్నాయి, గుడ్డిపూలు. ఇరవై కాయలు కోసుకొచ్చి గట్టు మీద ఒక్కోటీ చీల్చాను. పైకి ఏ మచ్చా లేదు. మూడింటిలో గింజల మధ్య వడ్లగింజంత పురుగు, లేత గులాబీ రంగు చారలతో. పక్క గింజను తొలిచి, ఉన్న కాస్త దూదినీ పసుపు చేసింది. అరచేతిలో పెట్టుకుంటే మెల్లగా కదిలింది. ఇది రెండు విషాలను తిని బతికిన పురుగు. బీజీ-1 దీన్ని ఆపడం లేదని 2010లోనే గుజరాత్ నుంచి కబురు వచ్చింది. 2015కి అక్కడ బీజీ-2 చేలు కూడా తిన్నది, 2017కి మన దాకా వచ్చింది. డాల్డా డబ్బాలోని 31 ప్యాకెట్లు, అలాంటివి దేశమంతా ఎన్ని లక్షలో, నా కళ్ల ముందు తిరిగాయి.

దేశంలో రైతులు బీటీ రాకముందుకంటే ఇప్పుడే పురుగుమందులకు ఎక్కువ ఖర్చు పెడుతున్నారని క్రాంతి, స్టోన్ 2020లో రాశారు. తమ్ముడి పద్దు పుస్తకంలో ఈ ఏడు మందు ఇప్పటికే 6 సార్లు.

పూలను చూస్తుంటే గద్వాల రోజులు గుర్తొచ్చాయి. 2003లో ఆ వైపు బడిలో పనిచేశాను. పత్తి విత్తనం తయారయ్యేది అక్కడే. సాయంత్రం మొగ్గ రేకులు ఒలిచి కేసరాలు గోటితో గీకెయ్యాలి, పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకూ అద్దాలి. క్రాసింగ్ అనేవాళ్లు. మొక్క ఎత్తుకు సరిపోతారని, వేళ్లు సన్నమని ఆడపిల్లల్నే పెట్టేవాళ్లు, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్స్ ఇచ్చి. క్రాసింగ్ జరిగే మూడు నెలలు నా హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదురుగా గీతలే. బీటీ రాకముందు నుంచీ ఉన్నదే అది. బీటీ హైబ్రిడ్లు పెరిగినకొద్దీ పని ఇంకా పెరిగింది. శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ వాళ్లు పిల్లల్ని బడికి తేవడానికి ఎంత తిరిగారో ఆ కాలం టీచర్లకు తెలుసు. నాయిన 1,600 పెట్టి కొన్న ప్యాకెట్‌లో నా క్లాసు పిల్ల అద్దిన పుప్పొడి ఉండి ఉండవచ్చు.

30 అక్టోబర్, గురువారం

మొంథా తుఫాను. మొన్న రాత్రి తీరం దాటింది, నిన్నంతా ఇక్కడ వాన. పగిలిన పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడింది. తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. మరదలు ఎత్తి, "పండుకుండు ఒదినె" అంది. అంతే.

23 నవంబర్, ఆదివారం

పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110. బయట వ్యాపారి అడిగింది 6,300. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేయాలి. ఎకరానికి 7 క్వింటాళ్లే కొంటామన్నారు, నిరుడు 12. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే తిప్పి పంపుతారు. నాలుగు రోజులు ఆరబోసి తమ్ముడు నాలుగెకరాల పత్తి అక్కడే అమ్మాడు. కౌలు చేసిన రెండెకరాల పాస్‌బుక్ ఆసామిది. ఆయన పట్నంలో, ఫోన్‌కు దొరకడు. ఆ పత్తి 6,300కే పోయింది. జన్యువు ఎంత మంచిదైనా ఆ క్వింటాలుకు పోయిన 1,810 రూపాయల్ని తెచ్చిపెట్టదు.

28 డిసెంబర్, ఆదివారం

ఈ డిసెంబర్ అంతా ఒక్కటే ఆలోచన. 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ బీటీ వంకాయను ఆపేసినప్పుడు నేను సంతోషించాను. హైదరాబాద్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ వార్తలు కత్తిరించి పెట్టుకున్నాను కూడా. అదే వంకాయకు బంగ్లాదేశ్ 2013లో అనుమతి ఇచ్చింది. అక్కడ ప్రభుత్వ సంస్థ సూటి రకాల్లో పెట్టి రైతులకు పంచింది, గింజ దాచుకోవచ్చు. తిండిపంట మీద నా జాగ్రత్త ఇప్పటికీ అలాగే ఉంది. కానీ ఈ ఏడు పత్తి నాకు నేర్పింది వేరే. ఏ జన్యువు పెట్టారన్నది ఒక ప్రశ్న. ఆ విత్తనం ఎవరి చేతిలో ఉంటుంది, చెడితే ఎవరు భరిస్తారు, ఎలా వాడాలో రైతు పక్కన కూర్చుని ఎవరు చెబుతారు అన్నవి అంతకన్నా పెద్ద ప్రశ్నలు. కమల విషయంలో తమ్ముడు ఒక్క ముక్కలో అడిగింది ఇదే. ఆ వరి జన్యువును కత్తిరించిన కత్తెర మీద విదేశాల్లో పేటెంట్లు ఉన్నాయి. గింజ రైతు ఇంట్లో ఉంటుందన్న హామీ కాగితం మీద రాసి ఇవ్వాలి. అది అడగడం మన పని.

డబ్బాలోంచి ఒక ప్యాకెట్ విప్పి 50 గింజలు తడిగుడ్డలో చుట్టి వారం ఉంచాను, మా బడి పిల్లల ముందే. ఒక్కటీ మొలవలేదు. వాళ్లకు చుట్టు సాళ్ల కథ మొత్తం చెప్పాను. ఒక పిల్లవాడు లేచి, "మా నాయినకు జెప్త టీచర్" అన్నాడు. ఇరవై ఏళ్లు ఆలస్యంగానైనా ఆ నాలుగు మాటలు ఒక ఇంటికి చేరాయి.

ఇవాళ ఊళ్లో కంది కొట్టారు. అమ్మ చాట ముందేసుకుని పుచ్చులేని గింజలు ఏరి, బూడిద కలిపి, వేపాకు వేసి కుండకెత్తింది. ఎలా ఏరాలో ఈసారి మరదలు పక్కన కూర్చుని అడిగింది. రాత్రి తమ్ముడు పద్దు రాశాడు. పత్తి పేజీలో విత్తనం: 12 ప్యాకెట్లు, 10,812. పక్క పేజీ తిప్పి కంది అని రాసి, విత్తనం దగ్గర నాయిన మాటే రాశాడు: ఇంటివి.